చీకటి కాదు, తెలుపు

ఆ వీధిలో ఆమెను అందరూ పాస్‌పోర్ట్ అక్క అనేవాళ్లు. ఇరవై రెండేళ్లుగా స్టూడియోలో అదే పని: గడ్డం కాస్త దించండి, చెవులు కనపడాలి, కదలకండి. పెళ్లి ఫొటోలకు వెళ్లేది కాదు. "అక్కడ అందరూ ఒకేలా నవ్వుతారు, నాకు విసుగు" అనేది. తీరిక దొరికితే మాత్రం తండ్రి వదిలిపోయిన పాత కెమెరాలో రీలు వేసి, కుర్చీలూ గుడ్డలూ రకరకాలుగా అమర్చి నలుపు తెలుపు ఫొటోలు తీసుకునేది. ఆ రీళ్లను వెనక గదిలో తనే కడుక్కునేది.

ఆమె అన్నయ్య సిటీ బస్సు డ్రైవరు. ఒక ఉదయం మలుపులో సైకిలు మీద వస్తున్న మనిషి బస్సు చక్రం కింద పడి చనిపోయాడు. తప్పు డ్రైవరుది కాదని విచారణలో తేలింది. అయినా ఆయన మళ్లీ స్టీరింగు పట్టలేదు. పెడితే తినేవాడు, అడిగితే "బాగానే ఉన్నా" అనేవాడు. నాలుగు నెలలు అలాగే గడిచాయి.

లైసెన్సుకి కొత్త ఫొటో కావాలని వదిన ఆయన్ను స్టూడియోకి తీసుకొచ్చింది.

"కాస్త నవ్వించి తియ్యి. ఇంట్లో నావల్ల కావట్లేదు" అని చెప్పి బజారుకెళ్లింది.

చెల్లెలు కెమెరాలోంచి చూసింది. బటన్ మీద వేలు ఆగిపోయింది.

"లోపల ఎలా ఉంది అన్నయ్యా?"

"చెప్పడం రాదు."

"పోనీ ఫొటోలో పెడదామా? ఎలా కావాలంటే అలా సర్దుతాను."

ఆయన ఔననలేదు. లేచి వెళ్లనూ లేదు. ఆమె నీలం తెర తీసి నల్లగుడ్డ కట్టింది. ఒక్క లైటే ఉంచి, సగం ముఖం నీడలో పడేలా తిప్పింది. దిగులంటే చీకటే కదా అనుకుంది. ఆయన కాసేపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇలా కాదు. చీకటైతే నయం, ఏమీ కనపడదు. నాకంతా మిట్టమధ్యాహ్నం ఎండలా ఉంటుంది. ఎటు చూసినా తెలుపే. కళ్లు మూసుకున్నా పోదు."

ఈ నాలుగు నెలల్లో ఆయన అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం అదే మొదటిసారి. ఆమె నల్లగుడ్డ విప్పేసి, గోడకూ నేలకూ కలిపి తెల్ల దుప్పటి పరిచింది. ఉన్న లైట్లన్నీ వెలిగించి, తండ్రి కెమెరా తెచ్చింది. తక్కింది ఆయనే సర్దుకున్నాడు. కుర్చీ ఒక పక్కకు జరిపాడు. చెప్పులు విప్పి కూర్చుని, కుడికాలు ముందుకు చాపి నేలకు అంగుళం ఎత్తున ఆపాడు. బ్రేకు మీదికి వెళ్తున్న కాలు అది. చేతులు మాత్రం ఒళ్లో పెట్టుకున్నాడు.

"తియ్యి."

మర్నాడు వదిన వచ్చేసరికి ఫొటో ఆరి ఉంది. గోడేదో నేలేదో తెలియని తెలుపు. అందులో బూడిదరంగు చొక్కాలో ఒక మనిషి, గాలిలో కాలు.

"నవ్వించమంటే ఇదా నువ్వు..." అనబోయి వదిన కూర్చుండిపోయింది. చెల్లెలు ఆయన అన్న ఎండ మాట చెప్పాక, "వెలుతురు తగిలితే మంచిదనుకున్నాను. రోజూ కిటికీ దగ్గరే కూర్చోబెడుతున్నాను" అంది.

ఆ వారమే ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఎలా ఉంటోందని అడిగితే ఆయన జేబులోంచి ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరు చాలాసేపు చూసి, కిటికీ తెర దించి, అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టింది.

ఏదీ ఒక్కసారిగా బాగుపడలేదు. ఏడాది మందులు వాడాడు. ఆదివారాలు స్టూడియోకి వచ్చి ఇంకో పదకొండు ఫొటోలు సర్దాడు. సగం పనికిరాలేదు. ఒకసారి లైటు స్టాండు చెల్లెలి నెత్తిన పడితే ఇద్దరూ నవ్వలేక చచ్చారు. బస్సు మాత్రం మళ్లీ నడపలేదు. డిపోలో డ్యూటీ చార్టు రాసే పనికి మారాడు. ఆయన రాత బ్రహ్మకు కూడా అర్థం కాదని డ్రైవర్లు వదినకు ఫిర్యాదు చేస్తుంటారు. ఆ మాట అన్నవాళ్లతో ఆయన పావుగంట వాదిస్తాడట. వదిన వాళ్లను కూర్చోబెట్టి, ఆయన ఏమేం అన్నాడో ఒక్క మాటా వదలకుండా చెప్పించుకుంటుంది.