సున్నం గీతల్లో వడ్లు

డిస్కస్ మా కాలేజీ అమ్మాయి చేయి దాటిపోయాకే నేను గ్రౌండ్ పక్క మెట్ల వైపు చూశాను. మెట్ల మీద మా పెద్దది ఒక్కతే ఉంది. చిన్నదాని చెప్పులు ఉన్నాయి, చిన్నది లేదు.

గ్రౌండ్ వైపు తిరిగాను. డిస్కస్ ఇంకా గాలిలోనే ఉంది. దూరంగా, మేం సున్నంతో గీసిన రెండు గీతల మధ్య, ఎవరో వడ్లు ఎండబోసి ఉన్నారు. ఒక ముసలావిడ తల వంచుకుని కాళ్లతో వాటిని తిరగేస్తోంది. ఆమె పక్కన మా చిన్నదాని ఎర్ర గౌను. ఈల నా నోట్లోనే ఉంది. ఊదడానికి ఊపిరి రాలేదు.

డిస్కస్ వడ్లలో పడింది, వాళ్లకు నాలుగైదు అడుగుల ఇవతల. వడ్లు చిమ్మి ముసలావిడ చీర మీద పడ్డాయి.

ఎలా పరుగెత్తానో తెలియదు. చిన్నది వడ్లలో రెండు చేతులతో గుంత తవ్వి, తలెత్తి, "అమ్మా, ఇగో ఇల్లు కట్టిన" అంది. వీపు మీద ఒక్కటి వేశాను. దానికి నాలుగేళ్లు. నేను దాన్ని కొట్టడం అదే మొదలు.

"పోరినెందుకు కొడ్తవ్?" అని ముసలావిడ నా మీదకు వచ్చింది. "అదేం జేసింది? ఇసిరింది మీరు." తర్వాత వంగి డిస్కస్ తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "గిదేంది, పళ్లెం లెక్కున్నది? ఇంత బరువేంది?"

"గీడ ఎందుకు పోసిన్రవ్వా?" అన్నాను.

"మీరే గద గీతలు గీసిన్రు! కొనుగోలు సెంటర్ల గిట్లనే సున్నంతోటి గీసి జాగలు పంచుతరు. ఈసారి కాలేజోల్లు గూడ మంచిగ జేసిన్రనుకున్నం. ఆ కొసకు సన్నగున్నది, ఈ కొసకు ఎడల్పున్నది. ఎడల్పున్న కాడ పోసుకున్నం."

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. సిద్దిపేటలో కోతలు మొదలయ్యాక చదునుగా కనిపించిన ప్రతి చోటా వడ్లు ఉంటాయి. మా కాలేజీ గ్రౌండ్‌కు వెనక గోడ ఒకచోట కూలి సందు పడింది. ఆ సందులోంచి వెనక వాడకట్టు వాళ్లు వచ్చి ఏటా పోసుకుంటారు. ఎవరూ వద్దనరు. ఆ ఆదివారం పొద్దున గ్రౌండ్‌లోకి రాగానే ఆ పసుపురంగు నేనూ చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. ఈ అమ్మాయి డిస్కస్ ఏ రోజూ అంత దూరం పోలేదు. ఎప్పుడు వేసినా ఆ చోటికి బాగా ఇవతలే పడేది. అందుకే అక్కడిదాకా పోదులే అనుకున్నాను.

వెనక్కి వచ్చేసరికి ఆ అమ్మాయి సర్కిల్‌లోనే కూర్చుని, చేతుల్లో ముఖం దాచుకుని ఉంది. "మేడం, నేను ఇగ ఎయ్య" అంది. ఆమె జీవితంలో వేసిన అన్నిటికంటే దూరం వేసింది ఆ రోజే.

నేను ఈ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. యూనివర్సిటీ వాళ్ల అంతర్ కళాశాలల అథ్లెటిక్స్ పోటీలు ఈసారి ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే, మా దగ్గర పెట్టండని నేనే దరఖాస్తు రాశాను. చివరికి రెండు చోట్లు మిగిలాయి. ఒకటి మాది, మట్టి ట్రాక్. రెండోది పట్నం వైపు ఒక పెద్ద కాలేజీ. వాళ్లది సింథటిక్ ట్రాక్. సోమవారం కమిటీ వచ్చి మా గ్రౌండ్ చూసి తేల్చాలి. అందుకే శనివారం నేనూ వాచ్‌మన్ కలిసి సున్నం గీతలు గీశాం. ఆదివారం మా ఆయనకు డ్యూటీ ఉండటంతో పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని వచ్చాను.

ఇంత పట్టుదల ఎందుకంటే, చదువుకునే రోజుల్లో నేను ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తేదాన్ని. ఈ పోటీలకే ఎంపికయ్యాను. రెండు రోజులు దూరంగా ఉండాలి. మా ఊరు కుకునూరుపల్లిలో మా బాపు మంచం మీద కూర్చుని, కోపం లేకుండానే అన్నాడు: "రాత్రి ఉండుడైతె వద్దు బిడ్డా. పొద్దుగాల పోయి మాపటికొచ్చేదైతె పో." వెళ్లే అమ్మాయి ఒకతె నా బూట్లు అడిగితే ఇచ్చాను. నా బూట్లు పోటీలకు వెళ్లొచ్చాయి. నేను వెళ్లలేదు.

డిస్కస్ వేసే ఈ అమ్మాయిది ధూళిమిట్ట దగ్గర. వాళ్ల నాయిన తాటిచెట్లెక్కి కల్లు గీస్తాడు. ఆమెను పంపమని అడుగుదామని ఇంటికి వెళ్తే నాకు కల్లు దగ్గర నుంచి కోడికూర దాకా అన్నీ పెడతానన్నాడు గానీ, పోటీల మాటకు మాత్రం మా బాపు మాటే అన్నాడు. రాత్రి ఉండుడు వద్దు. ఆమెకు ఇదే ఆఖరి సంవత్సరం. పోటీలు సిద్దిపేటలో జరిగితే పొద్దున బస్సెక్కి వచ్చి, వేసి, సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. పట్నం వైపు వెళ్తే ఆమె డిగ్రీ ఒక్క పోటీ కూడా చూడకుండా అయిపోతుంది.

ఆదివారమే ప్రిన్సిపాల్ సార్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "పాప మంచిగున్నదా?" అని ఆయన రెండుసార్లు అడిగారు. తర్వాత అన్నారు: "అమ్మా, రేపు కమిటీ ముంగట ఈ ముచ్చట తియ్యకు. వాచ్‌మన్‌కు చెప్త, పొద్దుగాల వరకు ఆ గీతల్ల ఒక్క గింజ ఉండది."

సరే సార్ అన్నాను. ఆ క్షణానికి నిజంగానే సరే అనుకున్నాను.

సోమవారం గ్రౌండ్‌కు వెళ్లి చూస్తే, ప్రిన్సిపాల్ సార్ అన్నట్టే ఆ గీతల్లో ఒక్క గింజ లేదు. వడ్లన్నీ ట్రాక్ మీద ఉన్నాయి. వంద మీటర్ల నేరు దారిలో ఆరు లేన్లు. ఆరు లేన్లలో ఆరు ఇళ్ల వడ్లు, గీత దాటకుండా, చాప పరిచినట్టు.

"ఆ గీతల్ల వద్దన్నడు వాచ్‌మన్. ఈ గీతల్ల పోసినం" అంది నిన్నటి అవ్వ. "ఇవి ఇంక మంచిగున్నయి. తలా ఒకటి. పంచాయితీ లేదు."

ఆమెకు జవాబు చెప్పేలోపే కమిటీ కారు గేటు లోపలికి వచ్చింది. ప్రిన్సిపాల్ సార్ గబగబా నా పక్కకు వచ్చారు. "గిదేందమ్మా?" అన్నారు నాతో, పెదవులు కదపకుండా.

కమిటీలో ముగ్గురు. పెద్దాయన సన్నగా, పొడుగ్గా ఉన్నారు. మెడలో కొలిచే టేపు కండువాలా వేలాడుతోంది. ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. మూడో లేన్ దగ్గర గొంతుక్కూర్చుని, నాలుగు గింజలు తీసి, పంటి కింద వేసుకుని కొరికారు.

"ఇంక రెండెండలు కావాలె."

"ఒక్క ఎండ చాలు సార్, గీ జాగల" అంది అవ్వ. "రోడ్డు మీద పోస్తె ఒక్క తీరు ఎండయి. గుంత ఉన్నకాడ తడి ఉంటది. గీడ గుంత లేదు, గడ్డ లేదు. మొన్నటి వానకు మా వాడకట్టంత బురద. గీడ పొద్దెక్కె వరకు పొడి. నీళ్లు నిలుస్తె మేమెందుకు పోస్తం సార్, మొలకలు రావా?"

పెద్దాయన లేచి, ట్రాక్ వెంబడి ఆ కొస దాకా నడిచారు. నేనూ వెనకే నడిచాను. వడ్లు మొదట్లో ఎంత మందం ఉన్నాయో చివరా అంతే ఉన్నాయి. ఎక్కడా ఒక పక్కకు జారలేదు. ఈ నేల మీద నేను రెండేళ్లు రోలర్ తిప్పించాను, నీళ్లు పట్టించాను, గుంతలు పూడ్పించాను. అది ఎంత చదునుగా వచ్చిందో నాకు చూపించింది ఆ వడ్లే. ఆయన తిరిగి వచ్చి రెండో మనిషితో, "నేల సంగతి రాసుకో, టేపు పెట్టే పని లేదు" అన్నారు. ప్రిన్సిపాల్ సార్ అప్పుడు ఊపిరి వదిలారు.

అక్కడితో ఆగిపోతే బాగుండు అనిపించింది. కానీ వాళ్ల కాగితంలో ఇంకో ప్రశ్న ఉంది. డిస్కస్, జావెలిన్ పడే వైపు జనం తిరుగుతారా? రెండో మనిషి పెన్ను పట్టుకుని నా వైపు చూశాడు. ప్రిన్సిపాల్ సార్ కూడా నా వైపు చూశారు. నా వెనక నాలుగడుగుల దూరంలో ధూళిమిట్ట అమ్మాయి నిలబడి ఉంది.

"తిరుగుతరు సార్" అన్నాను.

ఒకసారి నోరు తెరిచాక మొత్తం వచ్చేసింది. గోడ సందు, వడ్లు, నిన్నటి డిస్కస్, ఎర్ర గౌను. ప్రిన్సిపాల్ సార్ తన బూట్ల వైపు చూసుకుంటున్నారు.

"మీ పాపనా?" అన్నారు పెద్దాయన.

"మా పాపనే."

"చెప్పకుంటె మాకు తెలుస్తుండెనా?"

"తెలువకపోతుండె సార్. కాని పోటీల నాటికి కోతలు ఇంక జోరుమీదుంటయి. వద్దంటె ఒకరోజు ఆగుతరు, మల్ల వస్తరు. సర్కిల్ ఈ కొసకు మార్చి గ్రౌండ్ అవతలి గుట్ట దిక్కు వేయిస్తె అటు ఎవ్వరు రారు. అట్ల మార్చనిస్తె మాకియ్యండి. లేకుంటె వద్దు."

'లేకుంటె వద్దు' అనేటప్పుడు వెనక్కి తిరిగి చూసే ధైర్యం నాకు లేదు.

ఆయన గుట్ట వైపు చూశారు. "అటు వేసి చూపెట్టేటోళ్లు ఉన్నరా?"

అక్కడే నేల మీద సున్నంతో గుండ్రంగా గీశాం. ఆ అమ్మాయి డిస్కస్ ముట్టుకోలేదు. "నాతోని కాదు మేడం. ఎవరన్న అడ్డమొస్తె?"

అవ్వ నా భుజం పట్టి పక్కకు జరిపింది. "ఉండు బిడ్డా, నేను చూసొస్త." కొంగు నడుముకు చెక్కుకుని ఆ ఎండలో గుట్ట దాకా నడిచింది. పొదల వెనక వంగి చూసింది. అక్కడ మేస్తున్న రెండు మేకలను తిడుతూ తోలేసింది. తర్వాత దూరంగా ఒక పక్కకు వచ్చి, నోటికి చేయి అడ్డం పెట్టి కేకేసింది.

"ఎవ్వలు లేరు, ఎయ్యి! నా వడ్లల్ల ఎంత దూరం ఏసినవో గంత దూరం ఎయ్యాలె! తక్కువేస్తె ఒప్పుకోను!"

ఆ అమ్మాయి ఏడుపు ముఖంలోంచే నవ్వింది. నేను ఈ చివర నుంచి ఆ చివర దాకా మరోసారి చూసి, ఈల ఊదాను. గట్టిగానే వచ్చింది ఈసారి.

నిన్నటికంటే కొంచెం తక్కువే పడింది. పెద్దాయన టేపు మెడలోంచి తీసి తానే కొలిచారు. కొలత కాగితం మీద రాసుకున్నారు. అవ్వ మాత్రం తిరిగి వచ్చి, "కొంచెం తగ్గింది. రాత్రి సరిగ తినలే నువ్వు" అని తేల్చేసింది.

సాయంత్రం ప్రిన్సిపాల్ సార్ ఫోన్ చేశారు. "అమ్మా, మనకే వచ్చింది!" ఆయన గొంతు చిన్నపిల్లాడిలా ఉంది. "సర్కిల్ మార్చాలన్నరు. సందు కాడ మనిషిని పెట్టాలన్నరు. ఇంకొకటి, వడ్లోల్లకు వేరే జాగ చూపెట్టాలె అని రాసిచ్చిన్రు. నా సర్వీసుల యూనివర్సిటీ కాగితం మీద వడ్ల ముచ్చట చూసుడు గిదే మొదలు." చివరికి, "నిన్న నేను అట్ల అనకుండ ఉండాల్సింది" అన్నారు.

ధూళిమిట్టకు ఫోన్ చేస్తే ఆమె నాయిన ఎత్తాడు. విని, మళ్లీ అదే అడిగాడు. "మాపటికి ఇంటికొస్తదా మేడం?"

"బస్సుకే వస్తది."

"గట్లయితె నేను గూడ వస్త చూడనీకి. ఆ పూట చెట్లెక్కుడు బంద్."

ఫోన్ పెట్టేశాక నేను వంటింట్లో స్టవ్ ఆపేసి నిలబడిపోయాను. నాకు ప్రతిదానికీ భయమే. పిల్లలకు కొంచెం ఒళ్లు వెచ్చబడితే భయం, స్కూల్ ఆటో రెండు నిమిషాలు ఆలస్యమైతే భయం. ఈ భయమే నా చేత ఆ రోజు నిజం చెప్పించింది. అందుకే మొదటిసారి దాని మీద నాకు కోపం రాలేదు. మా బాపు ఉంటే ఫోన్ చేసి, పోటీలే మన దగ్గరికి వస్తున్నాయని చెప్పేదాన్ని.

మర్నాడు పొద్దున పెద్దదానికి జడ వేస్తున్నాను. చిన్నది ఇడ్లీ ముందు పెట్టుకుని తినకుండా కూర్చుంది. "అమ్మా, నన్నెందుకు కొట్టినవ్?" అంది ఉన్నట్టుండి. రెండు రోజులుగా దాచుకుందన్నమాట.

జడ వదిలేసి దాని ముందు కూర్చున్నాను.

"కొట్టుడు నా తప్పు బిడ్డా. నాకు చెప్పకుండ మెట్లు దిగుడు నీది చిన్న తప్పు. పెద్ద తప్పు నాది. ఆ అక్క అంత దూరం వేస్తదని నేను అనుకోలే."

"మరి ఇప్పుడు అనుకుంటున్నవా?" అంది పెద్దది, సగం జడతో.

"ఇప్పుడైతె," అన్నాను, "అక్క సర్కిల్‌ల నిలబడే ముందే గుట్ట దాక పోయి చూసొస్త."