అక్క ముందు అనలేని మాట

ఫెలేటి నోటి దురుసు ఊరందరికీ తెలిసిందే. ఆ చిన్న దీవిలో వ్యాను నడిపేవాడు, ఎక్కినవాణ్ణి దిగేదాకా ఏడిపించేవాడు. అంతటి నోరూ అక్క లవీనియా ముందు మాత్రం పడిపోయేది. పసిఫిక్ సముద్రంలోని ఆ టోంగా దేశంలో అక్కాతమ్ముళ్ళ వరస అలాంటిది. అక్క వినేలా ఒంటి సంగతి ఎత్తడమంటే చర్చిలో బట్టలు విప్పుకున్నట్టే.

వాళ్ళమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. అందుకే పరిశోధనకొచ్చిన డాక్టరమ్మ ఫెలేటి నెత్తురు కొంచెం పట్టుకెళ్ళింది. మళ్ళీ వచ్చి చెప్పింది: ఒంట్లో ఆడ హార్మోన్‌ను తయారుచేసే ఎంజైము ఒకటుందట, దాని జన్యువులో చిన్న మార్పు కనబడిందట. నువ్వు మగవాడివి, నీకంత భయం లేదు, కానీ ఆ మార్పు మీ అక్కకూ ఉండొచ్చు, పైగా అమ్మకు వచ్చిన జబ్బు, ఆమె రొమ్ములు పరీక్ష చేయించుకోవాలి, నువ్వే చెప్పు అంది. పరాయి దేశపు మనిషి, ఏ పని ఎవరికి అప్పజెబుతోందో ఆమెకేం తెలుసు.

పెళ్ళాంతో చెప్పిద్దామనుకున్నాడు. కానీ ఆ మాట పంపింది తమ్ముడేనని అక్కకు తెలిసిపోదూ? వారం రోజులు నాన్చి, చివరికి ఆమె గుమ్మం బయట నిలబడి, "రక్తం చూపించుకోమన్నారక్కా" అని గొణిగి వచ్చేశాడు. లవీనియా ఊళ్ళో నర్సు దగ్గర షుగరు పరీక్ష చేయించుకుంది. బాగానే ఉందని కబురంపింది. ఈయనగారు హమ్మయ్య అనుకున్నాడు. ఆ హమ్మయ్య తలుచుకుంటే ఇప్పటికీ అతనికి తల కొట్టేసినట్టుంటుంది.

ఎనిమిది నెలలకు రొమ్ములో గడ్డ పుండుపడి, ఇక దాచే వీల్లేక, లవీనియా అతని వ్యానులోనే పెద్దాసుపత్రికి బయల్దేరింది. వెనక సీట్లో తువ్వాలు కప్పుకుని కూర్చుంది. సగం దారిలో ఫెలేటి ఉండబట్టలేకపోయాడు.

"అక్కా, ఆ రోజు వాళ్ళు చెప్పింది రక్తం గురించి కాదు. రొమ్ము గురించి."

బుద్ధెరిగాక ఆ మాట ఆమె ముందు అనడం అదే మొదలు. చెవులు మండిపోయాయి. వెనక సీట్లో అక్క తువ్వాలు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"గడ్డ అప్పటికే ఉందిరా," అంది లవీనియా. "నర్సు చూసి పెద్దాసుపత్రికి పొమ్మంది. పోవాలంటే నీ వ్యానే కదా. ఎందుకక్కా అని అడుగుతావు. ఏమని చెప్పను?"

ఫెలేటికి కళ్ళు మసకలు కమ్మి రోడ్డు కనబడలేదు. వ్యాను పక్కకు తీసి ఆపాడు.

"పోనియ్యిరా," అంది అక్క. "ఇప్పటికే ఆలస్యమైంది."