తమ్ముడు ఏసిన గోధుమ చేను

ట్రాక్టర్ నడిపేటోనికి నడుము కిందికి సచ్చుబడితే ఏం జేస్తడు? గోడ దిక్కు మొఖం పెట్టుకొని పంటడు. మా తమ్ముడు గదే చేసిండు. బీజాపూర్ రోడ్డు మీద వాని టమాట బండి బోల్తా పడ్డంక, వాన్ని ఎట్లన్న లేపాలెనని దవాఖానల చుట్టూ తిరిగినం. చేవెళ్ల దాపున ఉన్న చేను అమ్మినం. కొన్నాయన చుట్టూ గోడ పెట్టి లోపల ఫామ్‌హౌస్ కట్టుకున్నడు. తమ్ముడు మాత్రం లేవలే. అన్నం తినుమంటే తినడు, మాట్లాడుమంటే మాట్లాడడు. నాకు కోపం ఎక్కువ. "ఏందిరా, నోటికి గూడ దెబ్బ తాకిందా?" అని అరిచి, పోయి వంటింట్ల కూసొని ఏడ్చేదాన్ని. గిట్లనే ఉంటే వాడు మాకు దక్కడని భయం.

ఒకనాడు వాడే నోరిప్పిండు. "అక్కా, ఫోన్ల ఒకటి చూసిన. ట్రాక్టర్ తోని దున్నే ఆట. కంప్యూటర్ల ఆడాలె. అది ఉంటే జర పొద్దు పోతది."

నేను మొయినాబాద్‌ల ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఆఫీసుల పని చేస్త. అప్పుడే ల్యాబుల పాత కంప్యూటర్లు తీసేస్తున్నరు. బతిమాలి, తుక్కు ధరకు ఒకటి తెచ్చిన. కానీ గంత పెద్ద ఆట దాని వల్ల కాదంట, తెర మీద బొమ్మలు ఆగకుంట కదలాలంటే గ్రాఫిక్స్ కార్డు కావాలంట. కొత్తది కొనే తాకతు మాకేడిది? పట్నంల పాతసామాను దుకాణాలన్ని తిరిగి, ఎవరో వాడి వదిలేసిన కార్డు దొరకవట్టిన. బస్సుల దాన్ని ఒళ్లె పెట్టుకొని, పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చిన.

కంప్యూటర్ డబ్బాను మంచం మీద అడ్డంగ పండవెట్టి నేను పట్టుకుంటే, వాడు పండుకునే లోపల కార్డు పెట్టి స్క్రూలు బిగిచ్చిండు. "అక్కా, కదిలియ్యకు. అవేం చేతులే, మిక్సీ లెక్క ఊగుతున్నయ్!" అన్నడు. వాడు నన్ను అంటుంటే అంత సంబురం నాకెన్నడు కాలే.

ఆట మొదలైంది. బాపు కుర్చీ ఏసుకొని పక్కకు కూసున్నడు.

"ఏం ఏస్తున్నవ్‌రా?"

"గోధుమ, బాపు."

"గోధుమనా? మన దిక్కు గోధుమ ఎవడేస్తడురా? టమాట లేదా, క్యారెట్ లేదా?"

అప్పటి నుంచి రోజూ పొద్దుగూకంగ ఇద్దరికి అదే పని. సాలు జర వంకర పోతే బాపు ఊకోడు. "ఆ మూల ఇడిసిపెట్టినవ్, మళ్లిచ్చు, మళ్లిచ్చు!" అమ్ముకున్న చేను పేరు ఇంట్ల ఎవ్వరం ఎత్తకపోయేది. ఈ చేను గురించి మాత్రం అన్నం ముంగట గూడ ముచ్చటే.

మమ్ముల కన్నతల్లి, మా అవ్వకు దుమ్మంటే పడదు. ఇంటి ముంగట మట్టి లారీలు పోతనే ఉంటయ్. టీవీకి కుట్టినట్టే కంప్యూటర్‌కు గూడ పూల గుడ్డ కుట్టి, అది నడుస్తుంటనే నిండుగ కప్పింది. గాలి ఆడక లోపల కార్డు మాడిపోయింది. ఇల్లంత కాలిన వాసన. "అయ్యో అవ్వా, ఎంత పని చేసినవే!" అని నేను మీదికి పోతుంటే తమ్ముడు నవ్విండు. పడీ పడీ నవ్విండు.

"పోనీ తియ్యక్కా. దానికి చలి పెడ్తదని కప్పింది పాపం."

యాక్సిడెంట్ అయినంక వాడు నవ్వుడు అదే మొదలు. అవ్వ నోట్ల కొంగు కుక్కుకొని నవ్వుకుంటనే ఏడ్చింది. నేను మళ్ల పట్నం పోయి బేరమాడి ఇంకో పాత కార్డు తెచ్చిన. ఆ ఏడు పండుగకు ఇంట్ల ఎవ్వరం కొత్త బట్టలు తీసుకోలే.

వానకాలంల వాని వీపుకు పుండు పడ్డది. జరం దిగలే. దవాఖానకు తీసుకపోతుంటే, "బాపు, చేను పండింది. వచ్చినంక కోద్దాం" అన్నడు.

రాలే. మా తమ్ముడు మళ్ల ఇంటికి రాలే.

దినాలయినంక బాపు తన కుర్చీ తెచ్చుకొని వేసుకున్నడు. "బిడ్డా, జర అది పెట్టు." పెట్టిన. తెర నిండ పండిన గోధుమ, వాడు ఎట్ల ఇడిసిపోయిండో అట్లనే ఉన్నది.

"కోయకుంటనే పోయిండు" అన్నడు బాపు.

"అది ఆట బాపు. మనం ముట్టకుంటే రాలదు, తడవదు, ఏం కాదు."

"రాలకుంటే మాత్రం? పండిన చేను ఇడిసిపెడ్తరా? నాకు నేర్పు."

ఏ బటన్ ఒత్తితే ఏమైతదో చూపిచ్చిన. బాపు మొరటు వేళ్ల కింద ఆ బటన్లు రెండు రెండు ఒక్కసారే పడుతున్నయ్. కోత మిషిన్ వంకర టింకరగ పోయింది. "వాడు చూస్తే నవ్వుతుండె" అని తనే అన్నడు. కోసుకుంట కోసుకుంట ఆఖరి సాలు కాడికి వచ్చి చెయ్యి తీసేసిండు.

"ఏమైంది బాపు?"

"ఇది గూడ కోస్తే, వాడు ఏసింది ఇంకేం ఉంటది బిడ్డా?"

తువ్వాల మొఖానికి అడ్డం పెట్టుకున్నడు. నేను కంప్యూటర్ బందు చేసిన. అవ్వ పూల గుడ్డ పట్టుకొని నిలవడ్డది. లోపల ఫ్యాను ఆగేదాంక ఆగి, మెల్లగ కప్పింది.