నలభై ఒకటో నంబరు ముద్ర

అతనికి పందొమ్మిదేళ్లు. ఫిరంగి గుండ్లు తయారుచేసే కర్మాగారంలో అతని పని ఒక్కటే. గుండు అడుగున బిగించే ఇత్తడి మూతను ఉక్కు ఉంగరంలో దూర్చి చూడాలి. బిగువుగా దూరితే తన నంబరు ముద్ర కొట్టాలి, వదులైతే పక్కన పడెయ్యాలి. అతని నంబరు నలభై ఒకటి. చిన్నప్పుడు చొక్కా గుండీలే సరిగ్గా పెట్టుకోలేనివాడికి ఈ కొలతల ఉద్యోగం ఇచ్చిన మహానుభావుడెవరో గానీ, తోటివాళ్లు మాత్రం "కొలబద్ద" అని పేరు పెట్టేశారు.

ప్రతి ఆదివారం ఇంటికి ఉత్తరం రాసేవాడు. పని గురించి ఒక్క ముక్క కూడా రాయకూడదని రూలు; ప్రతి ఉత్తరం తనిఖీ అయ్యాకే బయటికి పోయేది. గదిలో ఆరుగురం ఉన్నామనీ, పైకప్పు కారుతోందనీ రాసేవాడు. పని ముగిసే సైరన్ మోగే ముందు వచ్చే చివరి మూతల పెట్టె సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు. ఆ రోజుకు చెప్పినన్ని మూతలు పూర్తికాకపోతే మేస్త్రీ వచ్చి నెత్తిన నిలబడేవాడు.

"ఎన్నని చూస్తావురా? కొట్టెయ్, కొట్టెయ్!"

అతను ఉంగరం పక్కన పెట్టి ముద్రలు కొట్టేసేవాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఎవరూ చూడరనుకున్నాడు.

చలి ముదిరిన రోజుల్లో నాన్న ఉత్తరం వచ్చింది. యుద్ధానికి వెళ్లిన అన్నయ్య ఇంటికొచ్చేశాడు. ఎడమకాలు మోకాలిదాకా తీసేశారు. శత్రువులు మీదికొస్తుంటే ఫిరంగిలో గుండు పేలలేదట. "దాని మూత వాడు జేబులో వేసుకొచ్చాడు. వదులుగా ఉందట. మీద నలభై ఒకటి అని ఉంది. నువ్వూ అలాంటి చోటే కదా, ఆ వెధవెవడో కనుక్కుని చెంప పగలగొట్టు."

లక్షల మూతల్లో తనదే అన్నయ్యకు చేరాలా? చేరకపోతే ఇంకెవరి అన్నయ్యకో చేరేది. అంతే తేడా.

దొరకలేదని ఒక్క ముక్క రాసేస్తే సరిపోయేది. మూడు ఆదివారాలు కలం పట్టుకుని కూర్చున్నాడు. నాలుగో ఆదివారం ఉన్నదున్నట్టు రాసేశాడు.

ఈసారి జవాబు అమ్మ రాసింది. "నీ ఉత్తరం నిండా నల్లసిరా పూసేశారు నాన్నా. చివర 'క్షమించండి' ఒక్కటే కనిపిస్తోంది. నువ్వేం చేశావని? ఆ నలభై ఒకటి దొరికినా కొట్టకు. అన్నయ్యే వద్దంటున్నాడు. వాడికీ ఓ తల్లి ఉంటుంది కదా."

గదిలో అందరూ చూస్తుండగానే భోరుమన్నాడు. మర్నాడు వెళ్లి సెలవడిగాడు.

"ఇప్పుడు సెలవేంట్రా? మూతలు ఎవడు చూస్తాడు?" అన్నాడు మేస్త్రీ.

"ఇన్నాళ్లూ ఎవడు చూశాడండీ?"

మేస్త్రీ చీటీ రాసిచ్చాడు.

ఇంట్లో అన్నయ్య కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. "ఇంత దూరం ఎందుకొచ్చావురా? ఉత్తరం రాస్తే పోయేదిగా?"

"రాశాను అన్నయ్యా. చెరిపేశారు."

తమ్ముడు జేబులోంచి తను నంబరు కొట్టే ముద్ర తీసి అన్నయ్య అరచేతిలో పెట్టాడు. అన్నయ్య దాన్ని తిప్పి నంబరు చూశాడు.

"ఏంట్రా అది? ఎవరిది?" వంటింటి గుమ్మంలోంచి అడిగింది అమ్మ.

అన్నయ్య గుప్పిట మూసేశాడు. "ఏం లేదులే అమ్మా."

తమ్ముడు ఆ వేళ్లు ఒక్కొక్కటే విప్పాడు.

"నాదేనమ్మా," అన్నాడు.