కోటిపల్లి పంటు మీంచి నేను విసిరిన దేవుళ్ళు

ఆదివారం నా పంక్చర్ షాపుకి సెలవు. ఎటైనా తిరిగొద్దామని నేను, ఇంట్లో పేరుకున్న పాత దేవుడి పటాలు గోదాట్లో కలిపేయాలని మా ఆవిడ, ఇద్దరం ఒకేసారి అనుకోవడంతో ఈ ప్రయాణం మొదలైంది. మావైపు దేవుడి పటం అద్దం పగిలినా, బూజు పట్టినా చెత్తలో వెయ్యరు, తప్పు. గోదాట్లో వేస్తే మాత్రం పుణ్యం. పటాలు, ఎండిన దండలు, ప్లాస్టిక్ బంతిపూలు అన్నీ సిమెంటు గోనెలో కుక్కి, మూతి బిగించి నా చేతికిచ్చి నన్నొక్కణ్ణే పంపింది.

రామచంద్రపురం నుంచి కోటిపల్లికి బస్సులు, ఆటోలు ఉంటాయి. ముప్పావుగంటలో రేవుకి చేరిపోవచ్చు. ఎండ ముదరకుండా ఏడింటికి బయల్దేరడం మంచిది. రేవులో పెసరట్టు తిని పంటు ఎక్కాను. గౌతమి పాయ దాటి ముక్తేశ్వరం వెళ్ళడానికి అదే దారి. పడవల మీద బల్లలు పరిచి కట్టినట్టుంటుంది, మోటారు సైకిళ్ళు కూడా ఎక్కిస్తారు. టికెట్టు తక్కువే, చిల్లర దగ్గర పెట్టుకోండి. నిండితే గానీ కదలదు.

అది నిండేలోపు పక్కనున్న పెద్దాయనకి ఫోనులో ఒక వీడియో చూపించాను. ఏదో దేశంలో నదిలో చెత్తని పడవలేసుకుని ఏరుతున్నారు. మనవాళ్ళకి ఆ బుద్ధి ఎప్పుడొస్తుందండీ అన్నాను. ఆయన నిజమేనన్నట్టు తలూపారు. గోనె నా కాళ్ళ దగ్గరే ఉంది.

నడి గోదాట్లోకి వచ్చాక, అందరూ అవతలి ఒడ్డు వైపు చూస్తున్నప్పుడు గోనె నీళ్ళలోకి విసిరాను. అక్కడితో ఊరుకోవాల్సింది. జనాన్ని ఆటపట్టించకపోతే నాకు తిన్నది అరగదు. నెత్తిన చేతులు పెట్టుకుని, మా ఆవిడ నగలున్న గోనె జారిపోయిందండీ అని గోల పెట్టాను. పంటు మీద వాళ్ళంతా లేచి నిలబడ్డారు. కాసేపు కంగారు పెట్టి, ఉత్తిదేనండీ అని నవ్వించాలని నా ఆలోచన.

కాస్త దూరంలో నావ మీద మొగుడూ పెళ్ళాం వల లాగుతున్నారు. పంటు నడిపే సరంగు వాళ్ళని కేకేశాడు. "ఒరే సత్తిబాబూ, గోనె మునిగిపోతందిరా, ఈయన నగలంట."

సత్తిబాబు సగం లాగిన వలని అలాగే వదిలేశాడు. అతని భార్య నూకరత్నం తెడ్డేసి నావని ఇటు తిప్పింది. ఉత్తిదని చెప్పడానికి అప్పటికీ టైముంది. నేను చెప్పకుండా చూస్తూ నిలబడ్డాను. అతను మునగబోతున్న గోనె మీదకి విసురువల వేసి, రెండు చేతులా లాగాడు. గోనెలోంచి పొడుచుకొచ్చిన అద్దం ముక్క వలని చీల్చి అతని అరచేతిలో దిగింది.

సరంగు పంటు ఆపాడు. నూకరత్నం గోనె మూతి విప్పి ఒక్కొక్కటే జాగ్రత్తగా తీసింది. వెంకటేశ్వరస్వామి. లక్ష్మీదేవి. అద్దం పెంకులు. బంతిపూలు. అడుగుదాకా తడిమి చూసింది.

"నగలేవండీ?"

"లేవమ్మా. సరదాకన్నాను."

ఎవరూ తిట్టలేదు. పెద్దాయన మాత్రం నా పక్కనుంచి లేచి వెళ్ళి అవతల నిలబడ్డారు. సత్తిబాబు చేతికి తువ్వాలు చుట్టుకున్నాడు. "బాగానే ఉందండి సరదా. అక్కడ వదిలేసిన వల ఎవరు లాగుతారండి, మీరొస్తారా?" అన్నాడు.

నావలోకి దిగాను. అతను కూర్చుని చెబుతుంటే నేను లాగాను. చేపలు చాలావరకు అప్పటికే పోయాయి. కవర్లు, షాంపూ ప్యాకెట్లు, ఎవరిదో ఆంజనేయస్వామి పటం వచ్చాయి. కోటిపల్లి ఒడ్డుకి తిరిగొచ్చాక డాక్టరు కుట్లు వేసి, వారం దాకా చెయ్యి తడపొద్దన్నాడు. వారం చెయ్యి తడవకుండా చేపలు పట్టేదెలాగని సత్తిబాబు అతన్ని అడగలేదు. నన్నూ అడగలేదు.

అతన్ని ఇంటిదాకా దిగబెట్టాను. వాళ్ళింటి పక్క గోడకి వరసగా దేవుడి పటాలు ఆనించి ఉన్నాయి. అన్నీ వలలో పడ్డవేనట. నావి కూడా నూకరత్నం తుడిచి అక్కడే పెట్టింది.

"తిరిగి గోదాట్లో వెయ్యలేమండి, బయట పారెయ్యలేమండి. ఇంతమందికి దీపం పెట్టే స్తోమతా లేదండి మాకు," అంది.

ముక్తేశ్వరం వెళ్ళకుండానే తిరిగొచ్చేశాను. కలిపేశారా అని మా ఆవిడ అడిగితే జరిగింది చెప్పాను. ఆవిడా నవ్వలేదు. గోదాట్లో వేసిందేదీ మాయమైపోదు, ఎవడో ఒకడి వలలోకి వెళ్తుంది. నేను పుణ్యం అనుకున్న బరువు ఇన్నాళ్ళూ వాళ్ళు లాగుతున్నారు. ఆ వారమంతా షాపులో ఎవరితోనూ పరాచికాలాడబుద్ధి కాలేదు.

ఇక మీకు పనికొచ్చే మాట ఒక్కటి. పటం పాతదైతే ఇంట్లోనే ఫ్రేము విప్పండి. అద్దాన్ని, చెక్కని పటాలు కట్టే షాపులో ఇవ్వండి. బొమ్మ కాగితాన్ని బకెట్లో నానబెట్టి, గుజ్జయ్యాక ఎండిన పూలతో కలిపి మొక్క మొదట్లో వెయ్యండి. కోటిపల్లి తప్పకుండా వెళ్ళండి, పంటు ఎక్కండి. చేతులూపుకుంటూ వెళ్ళండి.