అమ్మ కత్తిపీట, మా ఆయన కొలిమి

నిన్న మధ్యాహ్నం పులివెందుల నుంచి మా ఆయన స్నేహితుడొకడు కారు వేసుకొని వచ్చాడు. "వదినా, అన్న దాగలి మూలన పడిండాదంట గదా, నేను తీసకపోతా" అన్నాడు. దాగలి అంటే కాలిన ఇనుమును పెట్టి సమ్మెటతో కొట్టే ఇనుప దిమ్మ. ప్రొద్దుటూరులో మా పెరట్లో జామచెట్టు కింద తుప్పు పట్టి, వీధికుక్కలు కాలెత్తడానికి పనికొస్తోంది. దాని పేరు వింటేనే మాడిన ఇంజనాయిల్ వాసన ముక్కుకొచ్చింది.

మా ఆయన బ్యాంకులో రిటైరయ్యాక కొలిమి పెట్టాడు. కూటి కోసం కాదు, సరదాకి. ఫోనులో ఎవడో గడ్డంవాడు మంచుదేశంలో కత్తులు కొట్టడం చూసి, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్లు తనూ మొదలుపెట్టాడు. లారీ బ్రేకు డ్రమ్ము కొలిమి అయింది. తిత్తికి బదులు మా కూతురు తల ఆరబెట్టుకొనే మిషను. కాలిన ఇనుమును ముంచడానికి మెకానిక్కు పారబోసే నల్లనూనె, అదీ నేను వడియాల పిండి కలిపే బేసిన్‌లో. ఛీ! ఇప్పటికీ ఆ బేసిన్ గుర్తొస్తే వడియం నోట్లోకి పోదు. ఆదివారమొస్తే వాట్సాప్ గుంపంతా దిగేది. అందరూ కుర్చీల్లో కూర్చొని పొట్టలు పెంచినవాళ్లే. దడదడ కొట్టడం, ఒకరి భుజం ఒకరు తట్టుకోవడం, నా తులసికోట పక్కనే ఖాండ్రించి ఉమ్మడం. పొద్దంతా కొట్టి చేసేదేమిటయ్యా అంటే ఒక వంకర మేకు. దానికి ఫోటోలు, ఆ ఫోటోలకు మెచ్చుకోళ్లు. నేను టీలు మోసి మోసి అలిసిపోయాను గానీ, ఇంట్లో చెంబు తగిలించుకొనే కొక్కెం ఒక్కటి పుట్టలేదు.

అదంతా భరించాను. అమ్మ కత్తిపీట జోలికి రాకుంటే ఇంకా భరించేదాన్నేమో. అమ్మ మెట్టినూరు జమ్మలమడుగు. కాపురానికి వచ్చిన కొత్తలో అక్కడి కమ్మరి చేత ఆ కత్తిపీట చేయించుకొంది. మా వైపు ఈలపీట అంటాం. కత్తి వీపున కమ్మరి తన గుర్తుగా మూడు చుక్కలు కొట్టాడు. అమ్మ పీట మీద కాలు వేసి కూర్చొని గోరుచిక్కుళ్లు తరిగితే ఆ చప్పుడుకే నాకు ఆకలేసేది. అరిగి అరిగి కత్తి సగానికి సగం సన్నబడింది. అమ్మ పోయాక మా అన్న పొలం తీసుకొన్నాడు, నేను కత్తిపీట అడిగి తెచ్చుకొన్నాను. చిన్నప్పుడు సాన పట్టించడానికి అమ్మ నన్ను ఆ కమ్మరి దగ్గరికి తోడు తీసుకుపోయేది. గోనెపట్టలు వేలాడదీసి కొట్టమంతా చీకటి. ఈయన శానా పిసినారి, పగలైనా వెలుతురు రానీడు అనుకొనేదాన్ని. "పిచ్చిదానా, ఎండలో ఇనుము రంగు కనపడదే. ఎంత కాలిందో యెట్ల తెలుస్తాది?" అని అమ్మ నవ్వింది.

"దీని పదును పోయిండాది, మళ్లీ పెడతా" అన్నాడు మా ఆయన ఒకరోజు. "ముట్టుకోవద్దు సామీ, బాగానే తెగుతాంది" అన్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నేను ఖాజీపేటలో పెండ్లికి పోయి వచ్చేసరికి కత్తి పీట నుంచి ఊడింది, కొలిమిలో ఉంది. వీడియో బాగా రావాలని కొలిమిని మిట్టమధ్యాహ్నం ఎండలోకి లాగారు. "ఇంకా ఎర్రబడలే అన్నా, గాలి పెంచు" అంటున్నాడు ఫోను పట్టుకొన్నవాడు. "తీయండి, మాడిపోతాంది!" అని గేటు దగ్గర్నుంచే అరిచాను. తీస్తే నిప్పురవ్వలు చిటపటలాడాయి. మా ఆయన నూనె బేసిన్ వదిలేసి, అట్లే తీసుకుపోయి నీళ్ల బకెట్లో ముంచాడు. టంగుమంది. రెండు ముక్కలు. "స్టీలు మంచిది కాదు" అన్నాడు, చెమట తుడుచుకొంటూ. అమ్మ బతుకంతా తరిగిన కత్తి మంచిది కాదట! ఆ మనిషి మొహం చూడాలంటే రోత పుట్టింది. ముక్కలన్నా ఇమ్మంటే "యాడనో పడిపోయినాయి" అన్నాడు. కొన్నాళ్లకు కొలిమి మోజు తీరి మిద్దెతోట పట్టుకొన్నాడు.

నిన్న పులివెందులాయనకు కూల్‌డ్రింకు సీసా ఇచ్చాను. తాళాలగుత్తికున్న ఇనుప ముక్కతో మూత లేపాడు. "చూడు వదినా, ఇది అన్న చేసిచ్చిండేదే. బీరు సీసాలకు ఇంకా బాగుంటాది. ఆదివారమొస్తే ఇదే మాకు దిక్కు" అని మురిసిపోతూ నా చేతిలో పెట్టాడు. తిప్పి చూశాను. మూడు చుక్కలు. సారా అంగడి ముందు పోవాల్సొస్తే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని అవతలి పక్క నడిచే మనిషి మా అమ్మ. మా ఆయన వైపు చూస్తే, పేపరు మొహానికి అడ్డం పెట్టుకొన్నాడు.

"దాగలి ఊరికే తీసకపో నాయనా. ఇది మాత్రం ఈడ పెట్టిపో" అన్నాను.

"అదేంది వదినా, అన్న గిఫ్టుగా ఇచ్చిండేది..."

"మా అమ్మ కత్తిపీట అప్పా అది."

"పాత ఇనుము అన్నాడే అన్న!" అంటూ తాళాలు ఊడదీసుకొన్నాడు. ఇద్దరూ కలిసి దాగలిని కారెక్కించేటప్పుడు మా ఆయన నా వైపు చూడలేదు. నేనూ పిలవలేదు.

ఆ ముక్కను చింతపండు పెట్టి తోమాను. మళ్లీ తోమాను. బీరు కంపు పోయినట్లే లేదు. తుడిచి పోపులడబ్బా పక్కన పెట్టుకొన్నాను. అమ్మ కాలమంతా ఆ కత్తిలో అరిగిపోయిన సగంలోనే ఉంది, అది చిక్కుళ్లతో, చుక్కకూరతో పాటు ఎప్పుడో మా కడుపుల్లోకి పోయింది. నాకు మిగిలింది సీసా మూతలు తీసే ఈ ముక్క.