నా పని ఖలాస్

మొన్న టీవీలో దుబాయ్ వీధుల్లో కార్లు నీళ్లలో తేలుతుంటే చూసి మా కోడలు, ఎడారిలో కూడా వానలు పడతాయా అత్తయ్యా అని ఆశ్చర్యపోయింది. పడతాయమ్మా అని ఊరుకున్నాను గానీ, ఆ పూట నాకు అన్నం సయించలేదు. మన ఈడు వాళ్లలో అక్కడ పనిచేసి వచ్చిన వాళ్లకు తెలుసు, చలికాలంలో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే ఆ ఊరు ఎంత బెంబేలెత్తేదో. నీళ్లు పోయే దారిలేని వీధులు, చెక్క గదుల్లో తడిసి ముద్దైన దుప్పట్లు, పనులు ఆగిపోయి సిమెంటు బస్తాల పక్కన ముడుచుకు కూర్చున్న మనుషులు.

ఎనభైల మొదట్లో, నెల్లూరులో నర్సు చదువు ముగించి, ఇరవై రెండేళ్ల వయసులో దుబాయ్‌లో దేరా అనే పేటలోని ఒక చిన్న ఆస్పత్రిలో చేరాను. ఎదుటి మనిషితో రెండు మాటలు కలపాలన్నా గొంతు పెగలని బిడియం నాది. నా కబుర్లన్నీ డైరీతోనే, తీరిక చిక్కితే పెట్టెలో తెచ్చుకున్న నవలలతోనే. మిగతా నర్సులంతా మలయాళీలు కావడంతో, తెలుగు రోగి ఎవరొచ్చినా నన్నే పిలిచేవారు.

అలా ఒక జనవరి ముసురులో, సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ అన్న ఛాతీలో నెమ్ముతో చేరాడు. ఊరి చివర అల్ ఖూజ్‌లో గోదాములు కడుతున్నాడట. ఇంటి ముఖం చూసి మూడేళ్లయింది. జ్వరం కాస్త తగ్గాక భార్యకు ఉత్తరం రాసిపెట్టమన్నాడు. ఎప్పుడూ రాసిపెట్టే స్నేహితుణ్ణి కంపెనీ వాళ్లు అబుదాబి పంపేశారట. ఫిబ్రవరి నెలాఖరుతో ఆయన ఒప్పందం ముగుస్తుంది, ఇంటికి వెళ్లిపోతున్నాడు. కానీ ఆ సంగతి మాత్రం రాయొద్దన్నాడు. చెప్పాపెట్టకుండా వెళ్లి గుమ్మంలో నిలబడాలని ఆయన సరదా.

"వానలు వడుతున్నయని రాయి చెల్లె. సలికి జెరమొచ్చి దవాఖానల వడ్డనని రాయి. ఇగ నా పని ఖలాస్ అని రాయి. అంతే, ఇంకేం వద్దు."

ఖలాస్ అనేది అక్కడ అందరి నోళ్లలో నానే మాట. భోజనం ఖలాస్, డ్యూటీ ఖలాస్, పూర్తయిందల్లా ఖలాసే. అయినా రాయబోతూ కలం ఆపాను. మన ఊళ్లలో మనిషి ఖలాస్ అంటే అర్థం వేరు. పోనీ 'నా పని అయిపోయింది' అని రాద్దామంటే అది ఇంకా అపశకునం. 'గడువు తీరింది' అన్నా అంతే. పుస్తకాలు చదివేదాన్ని గనక ఇవన్నీ తట్టాయి. నోరులేనిదాన్ని గనక ఒక్కటీ ఆయనతో అనలేకపోయాను.

"సూది జల్దిన పొడుస్తవు గని, అచ్చరం రాయనీకె ఇంత సేపా?" అని ఎకసెక్కమాడాడు. పక్క మంచాల వాళ్లు నవ్వేసరికి సిగ్గుపడి, చెప్పింది చెప్పినట్టే రాసి, కవరు అంటించేశాను.

నాలుగు వారాలకు, మళ్లీ వాన పడుతున్న ఒక మధ్యాహ్నం, ఆయన తడుస్తూ ఆస్పత్రికి వచ్చాడు. చేతిలో బావమరిది రాసిన జాబు. నా చేతికిచ్చి చదవమన్నాడు. బావా, నీ పని ఖలాస్ అని రాయించిన జాబు అందిన నాటి నుంచి అక్క బువ్వ ముట్టట్లేదు. చేతనైతే నీ దోస్తుతో రాయించేవాడివి, దవాఖానాలో ఎవరో రాశారంటే నువ్వు మంచం మీద లేవలేకుండా ఉన్నావని ఏడుస్తోంది, అని ఉంది. ఆయన ఆ పొద్దున్నే ముదీర్‌ను, అంటే కంపెనీ మేనేజరును, బతిమాలాడట. పాస్‌పోర్టు నెలాఖరు దాకా ఇచ్చేది లేదన్నాడట.

వాళ్ల ఊళ్లో ఫోను లేదు. టెలిగ్రాం ఇద్దామని, డాక్టరుగారిని ఎన్నడూ అడగని అనుమతి అడిగి, మోకాళ్ల లోతు నీళ్లలో ఆయన వెంట తపాలా ఆఫీసుకు నడిచాను. కాగితం మీద ఇంగ్లీషులో క్షేమం అని రాస్తుండగా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"టెలిగిరాం వద్దు చెల్లె. మా ఊరికి టెలిగిరాం అస్తే సావు కబురే. ఇప్పకముందే నా ఇంటిదాని పానం పోతది."

ఆ మాట నిజమని నాకూ తెలుసు. కాగితం చింపేసి, ఆ బల్ల మీదే మరో ఉత్తరం రాశాను. బాగున్నాడని, ఒప్పందం ముగుస్తోందని, ఫలానా తారీఖున వస్తున్నాడని, ఏ మాటకూ రెండో అర్థం లేకుండా రాశాను.

నెలాఖరుకు ఆయన వెళ్లిపోయాడు. ఏప్రిల్‌లో ఎవరిచేతో రాయించిన కార్డు వచ్చింది. అందరం మంచిగున్నం, నీ వదిన నిన్ను అడిగినట్టు చెప్పమంది, రంది పెట్టుకోకు అని. ఆ రోజు డైరీలో, ఒక పెద్ద గండం గడిచింది అని రాసుకున్నాను.

మరుసటి చలికాలం, అదే ఊరివాడు ఒకడు దగ్గుతో వచ్చాడు. సూది వేస్తూ, మా వదిన ఎలా ఉంది అని అడిగాను. ఇంకొకరి గురించి నేనుగా అడగడం అదే మొదలేమో. అతను తల దించుకున్నాడు.

"నీకు చెప్పొద్దని అన్న ఒట్టేయించుకుండు సిస్టర్. తిండి మానేసి ఉన్నదా, జెరం తగిలి పానం ఆగలే. నువ్వు రాసిన రెండో జాబు ఆమె దినాల నాడు అచ్చింది."

ఆయన గుమ్మంలో నిలబడినప్పుడు ఎవరు ఎదురొచ్చారో అడగలేదు నేను. దూది అతని చేతికి అదిమి పట్టాను.

ఇప్పుడు మా పక్కింటి అమ్మాయి భర్త అక్కడే పనిచేస్తున్నాడు. రోజూ ఫోనులో ముఖాలు చూసుకుంటూ పోట్లాడుకుంటారు, మాట తేడాగా తగిలితే మరుక్షణమే సర్దుకుంటారు. మా రోజుల్లో మాట ఒక్కటే పన్నెండు రోజులు ప్రయాణం చేసేది. దాని వెంట గొంతు వెళ్లేది కాదు, ముఖం వెళ్లేది కాదు. నా పని ఖలాస్ అని చెప్పేటప్పుడు ఆ అన్న కొత్త పెళ్లికొడుకులా సిగ్గుపడుతూ నవ్వాడు. అది కూడా రాయాలని నాకు తోచలేదు.